సంతకం కోసం చేసే ప్రార్థన

కడప జిల్లాలో ఏ క్రైస్తవ కుటుంబాన్ని అడిగినా, పెద్ద నిర్ణయాలన్నీ ప్రార్థన చేసే తీసుకున్నామని చెబుతుంది. కువైట్ వీసా వచ్చినా, అమ్మాయికి సంబంధం వచ్చినా, ఎండిపోయిన బోరు పక్కన ఇంకొకటి వేయించాలనుకున్నా, మొదట సంఘ కాపరి అయ్యగారి దగ్గరికి వెళ్లి దేవుని చిత్తం కోసం ప్రార్థించమని కోరతారు. ఈ అలవాటు మీద నాకు ఎంతో గౌరవం ఉంది, నేనూ ఇందులోనే పెరిగాను. అయితే చాలా ఇళ్లలో ఆ ప్రార్థన మొదలయ్యే సమయానికే ఏజెంటుకు అడ్వాన్సు ముట్టి ఉంటుంది, కల్యాణ మండపం మాట్లాడేసి ఉంటారు, బోరు బండికి కబురు వెళ్లి ఉంటుంది. అర్జీ మొత్తం మనమే రాసుకుని, కింద సంతకం మాత్రం దేవుణ్ణి పెట్టమంటున్నాం. దీన్ని విశ్వాసమని చెప్పుకోవడం నాకు న్యాయంగా తోచడం లేదు.

బైబిల్లో యిర్మీయా ప్రవక్త గ్రంథం 42, 43 అధ్యాయాలు చదివిన ప్రతిసారీ మన సంఘాలే నా కళ్ల ముందు కనిపిస్తాయి. యెరూషలేము పతనమైన తరువాత, బబులోను రాజు నియమించిన అధికారి గెదల్యా హత్యకు గురయ్యాడు. మిగిలిన జనం బబులోనువాళ్లకు భయపడి ఐగుప్తుకు బయలుదేరి, బేత్లెహేము దగ్గర మజిలీ చేసి, తమ కోసం దేవుణ్ణి అడగమని యిర్మీయాను బతిమాలారు. జవాబు తమకు అనుకూలంగా వచ్చినా రాకపోయినా లోబడతామని ప్రమాణం కూడా చేశారు. పది దినాల తరువాత జవాబు వచ్చింది: ఈ దేశంలోనే ఉండండి, భయపడకండి, ఐగుప్తుకు వెళ్లకండి. ఆ మాట వినగానే, నువ్వు అబద్ధం చెబుతున్నావని ప్రవక్తనే నిందించి, అతణ్ణి కూడా వెంటబెట్టుకుని ఐగుప్తుకు వెళ్లిపోయారు. వాళ్లు ప్రార్థన చేయించుకోలేదని ఎవరూ అనలేరు, పది దినాలు ఎదురుచూడలేదనీ అనలేరు. అడగకముందే వాళ్ల ముఖాలు ఐగుప్తు వైపు తిరిగి ఉన్నాయి. అందుకే, సరేనన్న జవాబు తప్ప మరే జవాబూ వాళ్ల చెవికి దేవుని మాటలా వినిపించలేదు.

సూచనలు అడిగే పద్ధతి గురించి కూడా చెప్పాలి. శుక్రవారం లోపల ఫోను వస్తే దేవుని చిత్తమనీ, రాకపోతే కాదనీ షరతులు పెట్టి, దానికి న్యాయాధిపతుల గ్రంథంలో గిద్యోను నేల మీద పరిచి దేవుణ్ణి సూచన అడిగిన గొర్రెబొచ్చును ఆధారంగా చూపిస్తారు. కాని గిద్యోను ఏం చేయాలో దేవుడు అతనికి ముందే స్పష్టంగా చెప్పాడు, బొచ్చు మీద మంచు అడిగింది ఆ తరువాతే, అదీ భయంతో. తెలియని దారిని కనిపెట్టడానికి అతను దాన్ని వాడలేదు. చీట్లు వేసే వాళ్లు, యూదా స్థానంలో అపొస్తలుడిగా మత్తీయను చీట్లతో ఎన్నుకున్న సంగతి ఎత్తుతారు. అది అపొస్తలుల కార్యములు 1వ అధ్యాయంలో, పెంతెకొస్తుకు, అంటే శిష్యుల మీదికి పరిశుద్ధాత్మ దిగివచ్చిన దినానికి ముందు జరిగింది. ఆ తరువాత సంఘం చీట్లు వేసి నిర్ణయం తీసుకున్నట్టు కొత్త నిబంధనలో ఎక్కడా లేదు. 15వ అధ్యాయంలో, విశ్వసించిన అన్యజనులు, అంటే యూదులు కానివాళ్లు, సున్నతి పొందాలా వద్దా అన్నంత పెద్ద ప్రశ్న వచ్చినప్పుడు, అందరూ కూర్చుని, వాదించుకుని, సాక్ష్యాలు విని, లేఖనాలతో సరిచూసుకుని తేల్చారు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసుకునే, వాక్యం రాసి ఉన్న వాగ్దానపు కార్డు గుండెకు ధైర్యమిస్తుంది, ఆ కార్డును నేనూ భద్రంగా దాచుకుంటాను. ఆ కార్డు చూసి పిల్లకు సంబంధం నిశ్చయించడం మాత్రం వాక్యానికి గౌరవమివ్వడం అనిపించుకోదు.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలచివేసేది కట్నం. 1822లో లండన్ మిషనరీ సొసైటీ కడపలో పని మొదలుపెట్టిన నాటి నుంచి, అంటే రెండు వందల ఏళ్లకు పైగా, ఈ ప్రాంతంలో వాక్యం వింటున్నాం. ఇప్పటికీ ఈ పిల్ల దేవుని చిత్తమా కాదా అని ఉపవాసముండి అడిగే కుటుంబం, ఉపవాసం విడిచిన సాయంత్రమే బంగారం ఎంత, బండి ఏది, నగదు ఎంత అని బేరానికి కూర్చుంటోంది. పొరుగువాని సొమ్ము ఆశించకూడదని పదో ఆజ్ఞ చెబుతోంది. కట్నం తీసుకోవడం నేరమని 1961 నుంచి చట్టమూ చెబుతోంది. ఈ రెండూ తెలుసుకోవడానికి ఉపవాసం అవసరం లేదు. తెలిసిన ఆజ్ఞను పక్కన పెట్టి, తెలియని భవిష్యత్తు చూపించమని మోకాళ్లూనితే, దేవుడు ఎందుకు మౌనంగా ఉన్నాడని అడిగే హక్కు మనకు ఎక్కడిది? కూలి సంగతీ అంతే. పనివాని కూలి సూర్యుడు అస్తమించకముందే ఇవ్వమని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం ఆజ్ఞాపిస్తుంటే, కూలీలను వారాల తరబడి తిప్పించుకునే రైతు, కొత్త పొలం కొనాలా వద్దా అని దేవుణ్ణి అడుగుతున్నాడు.

మరి ఆజ్ఞ ఏదీ అడ్డురాని విషయాల్లో ఏం చేయాలి? అక్కడ దేవుడు మనకు చాలా స్వేచ్ఛ ఇచ్చాడని నేను నమ్ముతాను. విధవరాలు తనకు ఇష్టమైన వాణ్ణి పెళ్లి చేసుకోవచ్చు, ప్రభువునందు మాత్రమే, అంటే విశ్వాసినే చేసుకోవాలి అని అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాశాడు. అంటే హద్దు చూపించి, ఎంపికను ఆమెకే వదిలాడు. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని యేసుప్రభువే అడిగాడు. కాబట్టి బోరు వేయించేవాడు చుట్టుపక్కల బోర్లలో నీళ్లు ఎన్ని అడుగుల లోతున పడ్డాయో విచారించాలి, భూగర్భ జలాలు తెలిసినవాళ్లను పిలిపించుకోవాలి, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు తీర్చే దారి చూసుకోవాలి. కువైట్‌కు వెళ్లే తల్లి, వెనక పిల్లలను ఎవరు చూస్తారో ముందే తేల్చుకోవాలి. ఇవేవీ అవిశ్వాసం కిందికి రావు. ఇవేవీ చేయకుండా దిగి, నష్టం వచ్చాక దేవుడే నడిపించాడని ఆయన మీద వేయడం పాపమని నా అభిప్రాయం.

లోబడితే అంతా సుఖంగా జరుగుతుందని మన వేదికల మీద చెప్పే సాక్ష్యాలు కూడా నన్ను కలవరపెడతాయి. బితూనియకు వెళ్లనీయకుండా ఆత్మ అడ్డగిస్తే, త్రోయలో దర్శనం చూసి పౌలు మాసిదోనియకు వెళ్లాడు. నూటికి నూరు పాళ్లు దేవుడు చూపిన దారి అది. అయినా అక్కడి ఫిలిప్పీ పట్టణంలో బెత్తాలతో దెబ్బలు తిని, చెరసాలలో కాళ్లకు కొయ్య బొండ వేయించుకున్నాడు. కష్టం వచ్చింది కాబట్టి ఇది దేవుని చిత్తం కాదనీ, కలిసి వచ్చింది కాబట్టి అవుననీ తీర్పు చెప్పే పెద్దలు అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం ఇంకొకసారి చదవాలి.

మా సంఘ పెద్దలకు నా విన్నపం ఇది. వివాహ ప్రకటన మూడు ఆదివారాలు చదవడానికి ముందు, రెండు కుటుంబాలనూ కూర్చోబెట్టి కట్నం మాట్లాడుకున్నారా అని సూటిగా అడగండి. మాట్లాడుకున్నామంటే, అది వెనక్కి తీసుకునేంత వరకు ప్రకటన ఆపండి.