గన్నేరు మీది పసుపు పురుగులు: ఆ మెసేజ్‌లో నిజమెంత?

మహబూబ్‌నగర్ వాకింగ్ గ్రూపుల్లో వారం నుంచి ఒక మెసేజ్ తిరుగుతోంది. పార్కుల్లో గన్నేరు చెట్లకు పసుపు రంగు విషపు పురుగులు పట్టాయట, అవి మనుషుల్ని కుడతాయట, కారే బంకలో వైరస్ ఉందట, ఎవరో కావాలనే వదిలారట. చెట్లు కొట్టేయాలి, లేదా మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కొట్టించాలి అని ముగింపు. పక్కింటి అన్న నాకే మూడుసార్లు పంపిండు.

మెసేజ్‌తో పాటు వచ్చిన మొదటి ఫొటోలో ఉన్నది పేనుబంక అనే చిన్న పురుగు. పత్తి వేసే ఏ రైతుకు చూపించినా పేరు చెప్తాడు. గన్నేరు, జిల్లేడు మీద ఉండే ఈ రకం పసుపు ఒంటితో, నల్లటి కాళ్లతో ఉంటుంది. దాని నోరు సూదిలా ఉండేది లేత కొమ్మల రసం పీల్చడానికి. మనుషుల్ని కుట్టదు.

విషం మాటలో కొంత నిజముంది, కానీ అది గన్నేరుది. ఆకు, పువ్వు, గింజ అన్నీ విషమే. ఆ రసం తాగిన పురుగు ఒంట్లోకీ కొంత చేరుతుంది. గన్నేరు ఆకు నోట్లో పెట్టుకోవద్దని పిల్లలకు పురుగు రాకముందే చెప్పాల్సింది.

బంక చెట్టుది కాదు, పురుగుది. చెట్టు రసంలో చక్కెర ఎక్కువ, ఒంటికి పట్టే పోషకాలు తక్కువ. అవి సరిపోవాలంటే చాలా తాగాలి కదా, మిగిలిన తీపి నీళ్లను వెనక నుంచి వదిలేస్తుంది. చీమల బారులు అందుకే. బండి సీటు మీద పడితే తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. ఇక వైరస్ సంగతి: పేనుబంక వైరస్‌లు మోస్తుంది, బొప్పాయి, మిర్చి రైతులకు ఆ బాధ తెలుసు. కానీ అవి మొక్కల వైరస్‌లు, మనకు అంటవు.

ఎవరూ వదలలేదు. మగదాని అవసరం లేకుండానే ఆడది నేరుగా పిల్లల్ని పెడుతుంది, వారం పది రోజుల్లో ఆ పిల్లలూ తల్లులవుతాయి. గుంపు పెరిగితే కొన్నిటికి రెక్కలొచ్చి పక్క చెట్టుకు పోతాయి.

నాకు నవ్వొచ్చింది రెండో ఫొటో చూసి. నల్లగా, మచ్చలతో, చిటికెడు మొసలిలా ఉన్న పురుగు చుట్టూ ఎర్ర గీత గీసి "అన్నిటికన్నా డేంజర్" అని రాశారు. అది అక్షింతల పురుగు పిల్ల! పేనుబంకను తినేదే అది. మందు కొడితే ముందు పోయేది అదే, ఆ తర్వాత పేనుబంక ఇంకా ఎక్కువగా తిరిగొస్తుంది. పైగా మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడొద్దని 2005లోనే నిషేధించారు. అలాంటిది పిల్లలు ఆడే చోట కొట్టమంటున్నారు.

చెట్టు కొట్టేయడం గురించి ఎక్కువ చెప్పను. 2018లో చెదలు పట్టిన మన పెద్ద మర్రిచెట్టు పిల్లలమర్రికి సెలైన్ సీసాలతో మందు ఎక్కించిన ఊరు మనది.

మరీ చూడలేకపోతే పైపుతో గట్టిగా నీళ్లు కొట్టండి, చాలావరకు రాలిపోతాయి. తగ్గకపోతే లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. కొమ్మలు కత్తిరిస్తే చేతులకు గ్లౌజులు వేసుకోండి, ఆ కొమ్మల్ని కాల్చకండి. గన్నేరు పొగ కూడా మంచిది కాదు.