కారెక్కిన సైకిల్

ఇరవై ఆరేళ్ల తర్వాత మళ్ళీ సైకిల్ తొక్కుతున్నాను. ఈ మహత్కార్యానికి ముందు కావలసింది కారు. సైకిల్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

చిన్నప్పుడు సైకిల్ తొక్కాలంటే అద్దె షాపు, అర్ధరూపాయి, మోకాలి మీద కాస్త చర్మం ఉంటే సరిపోయేది. ఇప్పుడు డాక్టరు "షుగర్ బోర్డర్‌లో ఉంది" అన్నాడని నలభై వేలు పోసి కొన్నాను. స్టాండు లేదు, మడ్‌గార్డు లేదు, క్యారియర్ లేదు, బెల్లుకి వేరే బిల్లు. అవన్నీ లేకపోవడం వల్లే అంత ధర అని షాపు కుర్రాడు జాలిపడి చెప్పాడు.

మరి తొక్కేదెక్కడ? హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబర్‌లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. పైన సోలార్ పలకల కప్పు. బాగుంటుంది, అబద్ధమెందుకు. కాకపోతే అది ఊరికి పడమట నార్సింగి వైపు, నేను తూర్పున ఉప్పల్‌లో. అక్కడిదాకా సైకిల్ మీదే బయల్దేరితే ఇంట్లోవాళ్ళు ముందు ఎల్‌ఐసీ కాగితాలు వెతుకుతారు.

అందుకని ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకి సైకిల్‌ని కారెక్కించే కార్యక్రమం. ముందు చక్రం ఊడదీస్తే పెడల్ అడ్డం. పెడల్ తిప్పితే హ్యాండిల్ వెళ్ళి అద్దానికి. ఇంకాస్త వంచితే చైను గ్రీజంతా మా ఆవిడ ముచ్చటపడి వేయించిన సీటు కవర్‌కి. వాచ్‌మన్ ఒక చివర, నేనొక చివర పట్టుకున్నాం. పాడె మోస్తున్నట్టే ఉంది మా వాలకం.

"ఖరాబైందా సార్? రిపేరుకా?"

"కాదయ్యా, తొక్కడానికి తీసుకెళ్తున్నా."

అతను సైకిల్ వైపు చూశాడు, కారు వైపు చూశాడు. నా వైపు మాత్రం చూడకుండా మర్యాద కాపాడాడు. తర్వాత గోడకి ఆనించిన తన పాత సైకిల్ తీసి, హ్యాండిల్‌కి సంచులు తగిలించుకుని, పాల ప్యాకెట్ల కోసం మెయిన్ రోడ్డెక్కాడు. కారు సాయం లేకుండానే!

షుగర్ కోసం తొక్కే నాకు పైన కప్పు, కింద నున్నటి దారి. పొట్టకూటికి తొక్కేవాడికి బస్సుకీ డివైడర్‌కీ మధ్య జానెడు సందు. 2006లోనే జాతీయ పట్టణ రవాణా విధానం అని రాసుకున్నాం. రోడ్డు మీద చోటు పంచేటప్పుడు బళ్ళను కాదు, మనుషులను చూడాలని అందులో ఉంది. ఎవరు చూశారయ్యా? తాపీమేస్త్రీ, పేపర్ కుర్రాడు, ఇస్త్రీ బట్టలు తెచ్చేవాడు మనుషుల లెక్కలోకి రారా? వాళ్ళకి సోలార్ కప్పు అడగట్లేదు. రోడ్డు అంచున మూడడుగులు వదలండి, అందులో కారు ఆపినవాడి తాళాలు లాక్కోండి. ఫ్లైఓవర్ మీద ఫ్లైఓవర్ వేయడానికి దొరికే చోటు దీనికి దొరకదా?

క్షమించాలి, నాకు బీపీ కూడా బోర్డర్‌లోనే ఉంది.

ఇంతకీ ఆ రోజు ఎనిమిది కిలోమీటర్లు తొక్కాను. పిక్కలు పట్టేశాయి. అందుకోసం రానూపోనూ యాభై కిలోమీటర్ల పెట్రోలు తగలేశాను.

ఈ ఆదివారం మాత్రం తొక్కడం కుదరలేదు. కారు సర్వీసింగ్‌కి ఇచ్చాం.