అర్క గారికి, మిర్చి కళ్లం నుంచి

మహారాజశ్రీ సూపర్ కంప్యూటర్ అర్క గారికి,
పాషాణ్, పుణె.

గుంటూరు జిల్లాలో ఒక కళ్లం గట్టు మీద కూర్చుని నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమందరం క్షేమం. కాయలు ఎండుతున్నాయి, మేమూ ఎండుతున్నాం. అక్కడ మీరు చల్లగా ఉన్నారని తలుస్తాను. చల్లగా ఉంచకపోతే మీరు పని చేయరట కదా. మా ఊరి అల్లుళ్లు కొందరు గుర్తొచ్చారు.

ముందు మీ పేరు సంగతి తేల్చుకోవాలి. అర్కుడంటే సూర్యుడు. 2018లో వచ్చిన మీ అన్నలు ప్రత్యూష్, మిహిర్: ఒకరు తెల్లవారుజాము, ఇంకొకరు మళ్లీ సూర్యుడే. 2024 సెప్టెంబర్ 26న ప్రధాని మీతో పాటు ప్రారంభించిన మీ నోయిడా చెల్లెలు అరుణికదీ పొద్దుపొడుపు రంగే. మీ ఇద్దరికీ 850 కోట్లయింది. అంత పెట్టి వాన సంగతి చెప్పమని తెచ్చుకున్నవాళ్లకి వరుణుడి పేరు ఒక్కరికీ తట్టలేదు.

ఇంకోటి. జిల్లేడుకీ అర్కమనే పేరు. రథసప్తమి నాడు ఆ ఆకుల్ని నెత్తిన పెట్టుకుని తలస్నానం చేస్తాం. మిగతా ఏడాదంతా అది దొడ్డిగోడ పక్కనే పడుంటుంది. మిమ్మల్నీ అంతే చూస్తున్నాం లెండి. తుపానొస్తే నెత్తిన, పోతే గోడ పక్కన.

తుపాను దగ్గర మాత్రం మీ వంశానికి వంక పెట్టను. 1977 నవంబర్ 19న ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు పోయిన ప్రాణాలు సర్కారు లెక్కలోనే పదివేల దాకా. “సముద్రం ఇంట్లోకొస్తుందని ఎవరు చెప్పార్రా మాకు” అని మా నాయనమ్మ పోయేదాకా అంటూనే ఉండేది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ విశాఖ మీదికే వస్తోందని ముందే తెలిసింది. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటేసరికి తీరం ఊళ్ల జనం పునరావాస కేంద్రాల్లో ఉన్నారు. ఉపగ్రహాలూ రాడార్లూ తోడున్నా, లెక్క కట్టింది మీవాళ్లే. దానికి దణ్ణం.

మన తగాదా అంతా చిన్నవాన దగ్గరే.

మీ సత్తా 11.77 పెటాఫ్లాప్‌లు. మా వాడుకలో చెప్పాలంటే సెకనుకు 117 కోట్ల కోట్ల లెక్కలు. 2025 మే నుంచి భూగోళాన్నంతా గళ్లుగా కోసి, మన ఉష్ణమండలం దగ్గర గడి ఆరు కిలోమీటర్లకి దించి, గడిగడికీ గాలి, తేమ, వేడి, ఒత్తిడి కడుతున్నారు. అంతకు ముందు గడి పన్నెండు కిలోమీటర్లు. ప్రత్యూష్‌కి పది గంటలు పట్టిన పనిని మీరు నాలుగింట్లో ముగిస్తున్నారట. సంతోషం. ఆ లెక్కలన్నీ పుణె, ఢిల్లీ, అమరావతి తిరిగి, టీవీ కింద పరిగెత్తే అక్షరాలై మా కళ్లానికి చేరేసరికి ఇలా ఉంటాయి: “ఒకటి రెండు చోట్ల ఉరుములు, మెరుపులతో కూడిన తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు కురిసే అవకాశం ఉంది.”

నా చిన్నప్పుడూ ఇదే వాక్యం. అప్పుడు మీరు లేరు.

ఒకటి రెండు చోట్ల అంటే ఒకటో రెండో అనుకునేవాణ్ణి. కాదట. వాన కొలిచే కేంద్రాల్లో నూటికి పాతిక దాకా తడిసినా ‘ఒకటి రెండే’. ఇక వాన సంగతి. రోజుకి 2.5 మిల్లీమీటర్ల నుంచి తేలికపాటి, 64.4 దాకా మోస్తరు. మొదటిది పడితే కాయ పైపైన తడిసి, ఎండ రాగానే ఆరుతుంది. రెండోది పడితే కళ్లం కుంటవుతుంది. వంటమేస్త్రీని పిలిచి “ఇరవైమంది నుంచి ఐదొందలమంది దాకా వస్తారు, చూసి వండు” అంటే గరిటె అక్కడే పడేసి పోడూ?

అమెరికాలో లోరెంజ్ అని కంప్యూటర్ మీద వాతావరణం లెక్కలు కట్టే ఒకాయన ఉండేవాడు, మీకు తాత వరస. 1961లో పాత లెక్కను మళ్లీ నడుపుతూ 0.506127కి బదులు 0.506 అని కొట్టాడు. పోయింది మూడంకెలే. కాసేపటికి రెండు లెక్కలూ ఎక్కడా పొంతన లేకుండా పోయాయి. అప్పట్నించీ మీవాళ్లకి చిన్న అంకె అంటే అంత భయం. అంత భయంగా చివరిదాకా మోసుకొచ్చిన అంకెల్ని ‘తేలికపాటి నుంచి మోస్తరు’ అనే గోతాంలో పోసి మూతి కుట్టేస్తుంటే మీకు కడుపు మండదా?

పోయినేడు ఏదో యాప్ (పేరెందుకు, మీకు చుట్టమని కూడా అనను) వాన అవకాశం 20 శాతం అంది. “అంటే ఎనభై రాదన్నమాట” అన్నాడు నాన్న. పట్టాలు కప్పలేదు. మధ్యాహ్నం మూడింటికి పడింది. కాలవకి అవతల మా బాబాయి కళ్లంలో దుమ్ము లేస్తోంది, ఇవతల మా తేజ రకం మిరపకాయలు తేలుతున్నాయి. యార్డులో వ్యాపారి రంగు పోయిన కాయలు గుప్పెడు తీసి చూసి “తాలు” అన్నాడు. ఒకటే మాట.

ఇందులో మీ తప్పు లేదని తెలుసు. ఉరుముల మబ్బు కొద్ది కిలోమీటర్లే ఉంటుంది, గంటలో చస్తుంది. మీ ఒక్క గడిలో మా ఊరూ, పక్క ఊరూ, చెరువూ, బాబాయీ అందరం ఇమిడిపోతాం. కానీ ఆ మాటైనా చెప్పాలిగా! “మబ్బు పుట్టేట్టుంది, ఎవరి నెత్తిన పడుతుందో తేలదు, పట్టాలు దగ్గర పెట్టుకోండి” అంటే మా నాన్నకి అర్థమవుతుంది. అవకాశం ఉందంటే ఆయన లేదనే వింటాడు, పట్టాలు కప్పే కూలి డబ్బు మిగులుతుంది కదా.

ఉగాదికి మా సిద్ధాంతిగారు ఇన్ని తూముల వాన అని చెప్పి, సముద్రానికిన్ని పాళ్లు, కొండలకిన్ని, నేలకిన్ని అని పంచుతారు. మీరూ పంచుతున్నారు, గళ్లు చిన్నవి. ఆయన కనీసం ముఖం చూసి మాట్లాడతారు, తప్పితే నిలదీయడానికి గుడి దగ్గర దొరుకుతారు.

ఇంకా రాద్దామనుకున్నాను. పడమర నల్లబడింది. తూనీగలు కిందికొచ్చాయి. నాన్న ఫోన్ చూడలేదు, పట్టా ఒక కొస పట్టుకుని నన్ను పిలుస్తున్నాడు. రెండో కొస నేను పట్టాలి.

ఇట్లు,
ఒకటి రెండు చోట్లలో రెండో చోటువాడు