కీబోర్డులోని రిథమ్ మీట గారికి ఒక సంజాయిషీ

నొక్కగానే తమంతట తామే దరువు వేసే మహారాజశ్రీ రిథమ్ మీట గారి సముఖమునకు, విశాఖపట్నం వన్‌టౌన్‌లోని ఒక చర్చిలో పన్నెండేళ్లుగా కీబోర్డు వాయిస్తున్న విధేయుడు వ్రాసుకొను మనవి.

ఆదివారం ఏ పాటలు పాడాలో నిర్ణయించేది పాస్టరు అయ్యగారని సంఘం అనుకుంటుంది, నేనని అయ్యగారు అనుకుంటారు, కాని శనివారం ప్రాక్టీసులో "దీనికి బీట్ ఉందా?" అని అడిగి, లేదంటే పేజీ తిప్పేసే క్వయర్ పిల్లలకూ నాకూ మాత్రం అసలు నిర్ణేత తమరేనని తెలుసు. ఆనాటి వాక్యపాఠం ఏమిటో, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల ఉందో లేదో, ఆ వారం ఎవరింట్లో మరణం జరిగిందో చూసి పాట ఎంచుకోవడం నా చాదస్తం.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో కీర్తనల నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. లండన్ మిషన్ వారు 1805లో ఈ ఊరు చేరిన నాటికి గాని, పురుషోత్తమ చౌధరి (1803–1890) కీర్తనలు కట్టిన నాటికి గాని తమరు పుట్టలేదు కనుక, తమ అనుమతి తీసుకోలేదన్న నేరం వారిపై మోపలేము. అయితే తకిట తకధిమి అని ఏడు మాత్రలు నడిచే చాపు తాళపు కీర్తనను తమ నాలుగు దెబ్బల కొలతలో కూర్చోబెట్టాలంటే తాళం చుట్టుకొక మాత్ర సాగదీయవలసిందే. ఇన్నేళ్లూ సాగదీశాం కాబట్టి, మా పిల్లలకిప్పుడు అసలు నడకే తప్పుగా వినిపిస్తోంది.

ఇక మొన్నటి శుభ శుక్రవారం సంగతి. పన్నెండు నుంచి మూడింటి వరకు యేసు సిలువపై పలికిన ఏడు మాటల మీద ఏడు ప్రసంగాలు, మాటకొక పాట. మొదటిది క్షమాపణ, నాలుగవది "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" అన్న కేక, ఆరవది "సమాప్తమైనది". వేటికవే కావాలని వారం రోజులు కూర్చుని జాబితా రాసుకున్నాను. "అన్నీ ఏడుపు పాటలైతే జనం నిద్రపోతారు మాస్టారూ" అంటూ క్వయర్ పెద్ద ఆ జాబితాను మడిచి జేబులో పెట్టుకున్నారు. దాంతో, దేవుడు చెయ్యి విడిచిన మాట ముగియగానే తమ దరువుకు మేమంతా చప్పట్లు కొట్టాము.

అయిదవ మాట, "దప్పిగొనుచున్నాను." సముద్రపు ఉక్కకు మేమూ దప్పిగొనే ఉన్నాము. అంతలో కరెంటు పోయింది, తమరు కన్ను మూశారు. వెనక బెంచీలో ఒక పెద్దామె చాపు తాళంలోని పాత కీర్తనొకటి ఎత్తుకుని, తొడ మీద చేత్తో ఏడు మాత్రలూ లెక్క తప్పకుండా వేస్తుంటే, ముసలివాళ్లంతా అందుకున్నారు. రెండో చరణానికల్లా పిల్లలు కూడా ఆ నడక పట్టుకున్నారు.

మూడో చరణంలో కరెంటు వచ్చింది. ఫ్యాన్లు తిరిగాయి, తమరు కన్ను తెరిచి "001" అని మొదటి దరువు నంబరు చూపించారు, క్వయర్ పెద్ద నా వైపు చూశారు. నేను తమరిని తాకలేదు. ఆ అవిధేయతకే ఈ సంజాయిషీ.

ఇట్లు,
తమ కీబోర్డు మాస్టారు