మూడో పిన్ను పీకేయమన్న ఆ సీనియర్ ఇంజనీర్ గారికి

"ల్యాప్‌టాప్‌కు పెద్ద మానిటర్ తగిలిస్తున్నారా? ఈ 7 నిజాలు తెలుసుకోండి!" అనే మెసేజ్ ఈ మధ్య అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, ఇంటర్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, మా బావ అయితే విడిగా పంపి "నువ్వూ అదే వాడుతున్నావుగా, చూసుకో" అని కింద రెండు దండాలు కూడా పెట్టాడు. చివర్లో "ఒక సీనియర్ ఇంజనీర్" అని సంతకం. ఎవరాయన, దేంట్లో సీనియర్, ఏమీ లేదు. ఊరుకుందామనే అనుకున్నాను గానీ ఐదో పాయింట్ చదివాక ఊరుకోబుద్ధి కాలేదు. ముందు చిల్లర సంగతులు తేల్చేసి దాని దగ్గరికి వస్తాను.

మొదటిది, పెద్ద స్క్రీన్ నడపలేక గ్రాఫిక్స్ చిప్ ఆరు నెలల్లో కాలిపోతుందట. చిప్‌కి అంగుళాలతో పనేంటండీ? అది లెక్కపెట్టేది పిక్సెళ్లని. ఫుల్ హెచ్‌డీ అయితే 24 అంగుళాలైనా 32 అంగుళాలైనా దానికి 1920 బై 1080, అంతే. 4కె అయితే నాలుగింతలు, ఒప్పుకుంటాను, కానీ ఎక్సెల్ షీటు, నాలుగు బ్రౌజర్ ట్యాబులు చూపించడానికి ఇప్పటి మామూలు ల్యాప్‌టాప్ ఏమీ ఆపసోపాలు పడదు. కొన్ని గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో మానిటర్ కేబుల్ గుచ్చే హెచ్‌డీఎంఐ పోర్టు నేరుగా పెద్ద గ్రాఫిక్స్ కార్డుకే కలిపి ఉంటుంది కాబట్టి మానిటర్ గుచ్చగానే ఫ్యాన్ మోత మొదలవుతుంది. మోత వేరు, కాలిపోవడం వేరు.

రెండోది రేడియేషన్. డబ్బాలాంటి పాత సీఆర్‌టీ మానిటర్ల కాలం నాటి భయం ఇది. వాటిలో కొద్దిగా ఎక్స్‌రేలు పుట్టేవి, వాటిని ఆపడానికే ఆ గాజులో సీసం కలిపేవారు. ఎల్‌సీడీలో అవి పుట్టే ఏర్పాటే లేదు. కళ్లు మండేది రెప్ప వేయడం మర్చిపోతాం కాబట్టి. తర్వాతది.

మూడోది కరెంటు బిల్లు రెట్టింపు. 27 అంగుళాల ఎల్‌ఈడీ మానిటర్ సుమారు 30 వాట్లు తీసుకుంటుంది. రోజుకు 8 గంటల చొప్పున నెలకు 25 రోజులు వాడితే 6 యూనిట్లు. ఈ ఫార్వర్డ్ చదువుతున్నప్పుడు నెత్తిమీద తిరిగే పాత సీలింగ్ ఫ్యానే 75 వాట్లు లాగుతుంది, దాని గురించి ఏ ఇంజనీరూ హెచ్చరించడు.

నాలుగోది, "మానిటర్ దండగ, అదే డబ్బుకు టీవీ కొనుక్కోండి." ఇది పూర్తిగా అబద్ధం కాదు గానీ చెప్పినంత తేలికా కాదు. 32 అంగుళాల టీవీల్లో చాలావరకు హెచ్‌డీ రెడీ, అంటే 1366 బై 768. బల్ల మీద పెట్టుకుని దగ్గరగా కూర్చుంటే అక్షరాల చుక్కలు కనిపిస్తాయి. 43 అంగుళాల 4కె టీవీ నయమే, కానీ కొన్ని టీవీలు రంగుల సమాచారాన్ని కుదించి చూపిస్తాయి కాబట్టి నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద ఎర్ర అక్షరాలు పెడితే అంచులు అలుక్కుపోయినట్టుంటాయి. సెట్టింగ్స్‌లో ఆ ఇన్‌పుట్‌ని పీసీ అని మార్చితే చాలా టీవీల్లో సర్దుకుంటుంది. ఇంకోటి, పాత హెచ్‌డీఎంఐ 1.4 పోర్టులో 4కె సెకనుకు 30 సార్లే మారుతుంది, మౌస్ ఇటు లాగితే బాణం గుర్తు తీరిగ్గా వస్తుంది. 60 కావాలంటే రెండు పక్కలా హెచ్‌డీఎంఐ 2.0 ఉండాలి. సినిమాలు చూసుకోవడానికైతే టీవీ కొనండి, రోజంతా అక్షరాలు చదివేవాళ్లు మానిటరే కొనండి.

ఇక ఐదోది. ఉన్నదున్నట్టు ఇస్తున్నాను: "మానిటర్ తగిలించాక ల్యాప్‌టాప్ బాడీ జివ్వుమంటోందా? ప్లగ్గులో లావుగా ఉండే మూడో పిన్ను ద్వారా కరెంటు వెనక్కి వస్తుంది. దాన్ని పీకేయండి, లేదా రెండు పిన్నుల కన్వర్టర్ పెట్టండి. సమస్య ఉండదు."

సమస్య ఉండదు, అవును, ఒక్కోసారి మనిషే ఉండడు.

జివ్వుమనడం మాత్రం నిజం. మెటల్ బాడీ ల్యాప్‌టాప్, రెండు పిన్నుల ఛార్జర్, కింద చెప్పుల్లేని కాళ్లు. మణికట్టు ల్యాప్‌టాప్ అంచుకు ఆనిస్తే సన్నగా చీమలు పాకినట్టు ఉంటుంది. ఛార్జర్‌లో నాయిస్ తగ్గించడానికి పెట్టే చిన్న కెపాసిటర్ గుండా అతి కొద్దిపాటి కరెంటు బాడీకి చేరుతుంది, అది సాధారణంగా ప్రమాదం కాదు. ఇప్పుడు ఆ ల్యాప్‌టాప్‌ని సరైన ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల మానిటర్‌కు కలిపితే ఏమవుతుంది? హెచ్‌డీఎంఐ కేబుల్ పైనుండే లోహపు తొడుగు గుండా ఆ కాస్త కరెంటూ మానిటర్‌లోకి, అక్కడి నుంచి మూడో పిన్ను మీదుగా ఎర్త్‌లోకి పోతుంది. జివ్వుమనడం ఆగిపోతుంది. అంటే ఆ పిన్ను మందు, ఈయన దాన్నే రోగం అంటున్నాడు.

మరి మానిటర్ పెట్టాకే ఎక్కువైందంటే? మీ సాకెట్‌లో మూడో రంధ్రం ఉంది గానీ దాని వెనక వైరు లేదన్నమాట. అప్పుడు మానిటర్‌లోని కెపాసిటర్లు కూడా దాని బాడీని సగం ఓల్టేజి దాకా లేపుతాయి, టెస్టర్ ఆనిస్తే వెలుగుతుంది కూడా. అది పిన్ను తప్పా, గోడ తప్పా?

అసలు భయం ఇది కాదు. మానిటర్ లోపల ఎక్కడైనా ఇన్సులేషన్ దెబ్బతిని ఫేజు బాడీకి తగిలిందనుకోండి. ఎర్త్ సరిగా ఉంటే కరెంటు అటు పోతుంది, మెయిన్‌లో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్, ఉంటే అది క్షణంలో పడిపోతుంది. పిన్ను పీకేసి ఉంటే ఏదీ పడదు. బాడీ మీద 230 ఓల్టులు ఎవరో ఒకరు ముట్టుకునేదాకా అలా నిలబడి ఉంటాయి, హెచ్‌డీఎంఐ తొడుగు ద్వారా ల్యాప్‌టాప్ మీద కూడా. ఆ మూడో పిన్ను మిగతా రెండింటికన్నా పొడుగ్గా ఉండేది అందం కోసం కాదు. పెట్టేటప్పుడు అందరికన్నా ముందు తగలాలి, తీసేటప్పుడు అందరికన్నా చివర ఊడాలి అని. రెండు పిన్నులతోనే వచ్చే మానిటర్ అడాప్టర్లు లేవా అంటారేమో, ఉన్నాయి, వాటిని డబుల్ ఇన్సులేషన్‌తో ఆ లెక్కన తయారుచేస్తారు. కటింగ్ ప్లయర్‌తో మనం చేసేది ఆ పని కాదు.

చూడాల్సింది ఎక్స్‌టెన్షన్ బాక్సు. బజార్లో దొరికే చవక బాక్సుల్లో పైకి మూడు రంధ్రాలుంటాయి, లోపలికి వచ్చే వైరులో రెండే తీగలు. అది సరిగానే ఉంటే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి సాకెట్‌కి ఎర్తింగ్ అందుతోందో లేదో చూపించండి. ఎండాకాలంలో ఎర్త్ పిట్, అంటే ఎర్త్ తీగను భూమిలోకి దింపిన గుంట, ఎండిపోయి కూడా ఇలా అవుతుంది. మా అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ రెండు బకెట్ల నీళ్లు పోస్తాడు.

ఆరోది, మూత వేసి వాడితే మదర్‌బోర్డు పోతుందట. పోదు. కానీ కొన్ని మోడళ్లు వేడిని కీబోర్డు మీదుగా కూడా వదులుతాయి, అలాంటివి కాస్త తెరిచి ఉంచితే మంచిది. మూత వేస్తే నిద్రపోకుండా ఉండే సెట్టింగ్ ఛార్జర్ గుచ్చి ఉన్నప్పటికి మాత్రమే పెట్టుకోండి. బ్యాటరీకి కూడా పెడితే అది బ్యాగులో ఆన్‌లోనే ఉడుకుతుంది. రోజంతా ఛార్జింగ్‌లోనే ఉంచేవాళ్లు 80 శాతం దగ్గర ఆపే ఆప్షన్ ఉంటే వాడండి, నిండుగా, వేడిగా ఉండే బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది. ఇలాంటి పనికొచ్చే ముక్క ఆ ఫార్వర్డ్‌లో ఒక్కటీ లేదు.

ఒక్కటీ అన్నాను కదా, ఏడోది ఉంది. "ముందు హెచ్‌డీఎంఐ వైరు గుచ్చి ఆ తర్వాతే రెండింటికీ పవర్ ఇవ్వండి." ఇది చాదస్తమని కొట్టిపారేద్దామనుకున్నాను, కానీ కరెక్టే. ఎర్తింగ్ బాగుంటే ఎప్పుడు గుచ్చినా సాధారణంగా ఏమీ కాదు. లేనిచోట రెండు బాడీల మీదా వేర్వేరు ఓల్టేజీలుంటాయి, కేబుల్ తగిలించే క్షణంలో ఆ తేడా పోర్టు గుండానే సర్దుకుంటుంది, అలా పోర్టులు పోతాయి కూడా. అంటే ఐదో పాయింట్ ప్రకారం పిన్ను పీకేసినవాళ్లకు ఏడో పాయింట్ తప్పనిసరి అన్నమాట. ఈ ముక్క ఆయనకు తట్టినట్టు లేదు.

ఇప్పటికే పీకేసినవాళ్లు కొత్త పవర్ కార్డు కొనేయండి. చాలా మానిటర్ల వెనక గుచ్చేది డెస్క్‌టాప్ సీపీయూకి వాడే మామూలు మూడు పిన్నుల కార్డే, ఏ కంప్యూటర్ షాపులో అడిగినా ఇస్తారు.