క్లైవ్‌డెన్ హోటలైంది, కాబట్టే నిలిచింది

లండన్‌కి పడమర, థేమ్స్ నది ఒడ్డున గుట్ట మీద ఉంటుంది క్లైవ్‌డెన్ భవనం. దాని పేరెత్తితే చాలామందికి గుర్తొచ్చేది 1961 నాటి ఈతకొలను, అక్కడ క్రిస్టీన్ కీలర్ అనే యువతిని కలిసిన బ్రిటిష్ మంత్రి ప్రొఫ్యూమో, వాళ్ల సంబంధం బయటపడి రెండేళ్లకు ఆయన రాజీనామా. అరవై ఏళ్లుగా ఆ గొడవే రాస్తున్నారు. నా దృష్టిలో ఆ ఇంటి చరిత్రలో అసలు ఘట్టం 1942లో జరిగింది.

అంతకు ముందు కథ క్లుప్తంగా చెప్పుకోవచ్చు. పాత భవనం 1849లో కాలిపోయింది. బ్రిటిష్ పార్లమెంటు భవనానికి రూపమిచ్చిన చార్లెస్ బారీయే 1851లో సదర్లాండ్ డ్యూక్ కోసం ఇప్పుడున్నది కట్టించాడు. 1893లో అమెరికా కోటీశ్వరుడు విలియం వాల్డార్ఫ్ ఆస్టర్ కొని, 1906లో కొడుక్కి పెళ్లి కానుకగా ఇచ్చాడు. ఆ ఇంటి కోడలు నాన్సీ ఆస్టర్. 1919లో బ్రిటిష్ పార్లమెంటు దిగువసభలో అడుగుపెట్టిన మొదటి మహిళా సభ్యురాలు ఆవిడే.

1942లో, యుద్ధం నడుస్తుండగా, ఆస్టర్లు ఈ ఇంటిని నేషనల్ ట్రస్ట్‌కి, అంటే పాత కట్టడాలను జనం కోసం కాపాడే స్వచ్ఛంద సంస్థకి, రాసిచ్చేశారు. వట్టి గోడలు ఇచ్చి చేతులు దులుపుకోలేదు. నిర్వహణకు 2,50,000 పౌండ్ల నిధి కూడా పెట్టారు. ఇల్లు తమ పేరు మీద లేకపోయినా 1960ల దాకా అందులోనే ఉన్నారు. ఆ తర్వాత స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ విద్యార్థులొచ్చారు. 1980ల మధ్య నుంచి హోటల్ నడుస్తోంది. ఉండేవాళ్లు మారారు గానీ యజమాని మారలేదు. నన్ను కదిలించేది ఇదే.

మనిషి మసలని ఇల్లు ఎంత త్వరగా పాడవుతుందో ఊళ్లో తాళం వేసిన పెంకుటిల్లు ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. పైకప్పు కారితే హోటల్లో తెల్లారేసరికి తెలిసిపోతుంది, ఎందుకంటే కింద అతిథి పడుకుని ఉంటాడు. తాళం పడిన భవనంలో దూలం పుచ్చి కూలేదాకా తెలియదు. వారసత్వ పన్నులు, నౌకర్ల కొరత, మరమ్మతు ఖర్చులు అన్నీ కలిసి ఇరవయ్యో శతాబ్దంలో ఇంగ్లండ్‌లో ఇలాంటి పల్లె భవనాలు వెయ్యికి పైగా నేలమట్టమయ్యాయి. కట్టిన కుటుంబాల గొప్పదనం వాటిలో ఒక్కదాన్నీ కాపాడలేదు.

డబ్బున్నవాళ్లకే గది దొరికే హోటల్‌ని జనం ఆస్తి అనడమేమిటని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, గదుల అద్దె సామాన్యుడికి అందదు. కానీ చుట్టూ ఉన్న 376 ఎకరాల తోటలు, అడవి ట్రస్ట్ చేతిలోనే ఉన్నాయి. టికెట్ కొనుక్కుని ఎవరైనా వెళ్లి తిరగొచ్చు. డ్యూకుల కాలంలో ఆ గేటు దాటాలంటే ఆహ్వానమైనా ఉండాలి, నౌకరీ అయినా ఉండాలి.

ఇది రాస్తున్నంతసేపూ నా మనసంతా హైదరాబాద్ ఎర్రమంజిల్ మీదే ఉంది. అదీ ఆ కాలపు కట్టడమే. నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ 1870 ప్రాంతంలో కట్టించుకున్న ఇల్లు, తర్వాత సర్కారు ఆఫీసులైంది. హైదరాబాద్ నగర నిర్మాణ నియమాల్లో హెరిటేజ్ కట్టడాలకు రక్షణగా ఉన్న 13వ నిబంధనను 2015లో తీసేశారు. 2019లో ఈ భవనాన్ని కూల్చి కొత్త అసెంబ్లీ కడతామన్నారు. ఆ సెప్టెంబరులో హైకోర్టు కాదనబట్టి ఆగింది. మన దగ్గర పాత భవనం గతి ఎప్పుడూ ఇంతే. కూలగొట్టాలని ఒకరు, కూల్చొద్దని ఇంకొకరు. అందులో రేపు ఎవరుంటారు, కప్పు ఎవరు చూసుకుంటారు అని అడిగేవాళ్లే లేరు.

స్టే కోసం పరిగెత్తడం దగ్గరే మన వారసత్వ ప్రేమ ఆగిపోతోంది. అమ్మడానికి వీల్లేని ఒక ట్రస్ట్ పేరు మీద ఎర్రమంజిల్‌ని పెట్టండి. హోటలో, కాలేజీయో, లైబ్రరీయో, బాడుగ కట్టేవాళ్లకి లీజుకివ్వండి. ఆ బాడుగ మరమ్మతులకే వెళ్లాలని, ఆవరణ జనానికి తెరిచి ఉండాలని ఒప్పందంలోనే రాయండి. రోజూ వేలమంది ఎర్రమంజిల్ మెట్రో స్టేషన్లో ఎక్కి దిగుతున్నారు. వాళ్లలో ఎంతమంది ఆ భవనం లోపలికి వెళ్లి చూశారు?