చెరువు గట్టు మీద ఓడ పెట్టె

భీమవరం దగ్గర ఒక పల్లె. పదెకరాల వనామి రొయ్యల చెరువు, అయిదేళ్ల లీజు, అందులో రెండేళ్లు గడిచిపోయాయి. గట్టు మీదున్న తాటాకు మకాం మొన్నటి గాలివానకు సగం లేచిపోయింది. దాని బదులు సెకండ్ హ్యాండ్ షిప్పింగ్ కంటైనర్ ఒకటి తెచ్చి పడేద్దామంటాడు బావ శ్రీనివాసు. వద్దంటాడు బావమరిది రాంబాబు. ఈయనకు తణుకులో ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది, అందుకే ఆ వద్దనడంలో కొంత వ్యాపారం కూడా ఉందని బావ అనుమానం.

శ్రీనివాసు: ముందే చెప్తున్నా, నాకు నీ షెడ్డు కొటేషన్ వద్దు. ఇరవై అడుగుల పెట్టె, విశాఖలో చూసొచ్చా. పొద్దున్న లారీ ఎక్కిస్తే సాయంత్రానికి గట్టు మీద ఉంటుంది. ఇటుక అక్కర్లేదు, ఇసుక అక్కర్లేదు, మేస్త్రి కోసం ఎదురుచూడక్కర్లేదు. పోయినేడు ఒక్క రాత్రిలో చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్ల మోటార్లు మూడు ఎత్తుకుపోయారు, తాటాకు గోడను ఎవడైనా కాలితో తన్నినా చాలు. ఈ ఇనప్పెట్టెను కొయ్యాలంటే దొంగ గ్యాస్ కట్టర్ తెచ్చుకోవాలి.

రాంబాబు: దొంగ సంగతి ఒప్పుకుంటాను బావా. అందులో ఏం పెడతావో చెప్పు.

శ్రీనివాసు: ఏముంది, మోటార్లు, మేత బస్తాలు, బ్లీచింగ్, రెండు డ్రమ్ముల డీజిల్. ఓ మూలన మంచం వేసి కాపలా కుర్రాణ్ణి పడుకోబెడతా. పైన వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు.

రాంబాబు: బ్లీచింగూ డీజిలూ మనిషీ ఒకే పెట్టెలోనా? ఎండాకాలం మధ్యాహ్నం మూసి ఉంచిన ఇనప్పెట్టెలో బ్లీచింగ్ డబ్బా మూత కాస్త వదులైతే ఏమవుతుందో తెలుసా, ఆ క్లోరిన్ ఘాటు నువ్వు దొంగల నుంచి కాపాడుకున్న మోటార్ల వైండింగులనే తినేస్తుంది. డీజిల్ మీద పడితే మంట కూడా లేవొచ్చు. ఇది కంటైనర్ తప్పు కాదులే, తాటాకు మకాంలో గాలి ఆడేది కాబట్టి ఇన్నాళ్లూ నీకు తెలియలేదు.

శ్రీనివాసు: సరే, బ్లీచింగ్ బయట చిన్న రేకు గూట్లో పెడతా. కానీ ఒకటి చెప్పు, సముద్రంలో తుఫాన్లు తిన్న పెట్టె అది. సరుకు నిండా వేసి ఒకదాని మీద ఒకటి ఎనిమిది, తొమ్మిది వరసలు పేరుస్తారు ఓడలో. 1956లో అమెరికాలో మాల్కమ్ మెక్లీన్ అనే లారీల ఆయన 58 పెట్టెలు ఓడెక్కించి మొదలుపెట్టిన పని ఇవాళ ప్రపంచం మొత్తం నడుస్తోంది, నా పదెకరాల చెరువుకు పనికిరాదా?

రాంబాబు: యూట్యూబ్ బాగానే చూశావు. ఆ బరువంతా ఎక్కడ ఆగుతుందో కూడా చెప్పారా అందులో? నాలుగు మూలల స్తంభాల మీద. పై పెట్టె మూల కింద పెట్టె మూల మీదే కూర్చుంటుంది, కప్పుకి ఏమీ తగలదు. ఆ కప్పు రెండు మిల్లీమీటర్ల రేకు, పక్క గోడలు ఇంకా పల్చన, మడతలు పెట్టారు కాబట్టి నిలబడుతున్నాయి. కప్పుకి చేసే పరీక్ష ఏంటంటే రెండడుగులు ఒక అడుగు మేర 300 కిలోలు పెట్టి చూడటం, అంటే ఇద్దరు ముగ్గురు ఎక్కి తిరగడానికి సరిపోతుంది. నువ్వు టన్ను నీళ్లు తీసుకెళ్లి సరిగ్గా నడిమధ్య పెడతానంటున్నావు.

శ్రీనివాసు: ట్యాంకు పక్కన స్టాండు కట్టించి పెడతా. నువ్వే కట్టు, డబ్బులిస్తా, సంతోషమా?

రాంబాబు: సంతోషమే. కిటికీలు?

శ్రీనివాసు: రెండు కొయ్యాలి. ఒక మనిషి తలుపు కూడా.

రాంబాబు: కొయ్యి, కానీ కోసిన చోటల్లా చుట్టూ స్క్వేర్ ట్యూబు ఫ్రేము వెల్డింగ్ చేయించు. ఆ మడతల గోడ అలంకారం కాదు, పెట్టెను పక్కకి ఒరగకుండా పట్టుకునేది అదే. నా దగ్గరికి ఒకాయన వచ్చాడు, పక్క గోడ మొత్తం కోసేసి రెండు పెట్టెలు కలిపి హాలు చేద్దామనుకున్నాడట, కోశాక కప్పు మధ్యలో కుంగింది, చివరి తలుపులు మూసుకోవడం మానేశాయి. వాటికి మళ్లీ ఐ బీములు పెట్టి, స్తంభాలు పెట్టి, ఆ ఖర్చుతో కొత్త షెడ్డే వచ్చేది.

శ్రీనివాసు: నేను హాలు కట్టట్లేదురా, మకాం.

రాంబాబు: అందుకే మేత గురించి అడుగుతున్నా. ఇది కొంచెం ఓపిగ్గా విను బావా, నీ డబ్బంతా మేతలోనే ఉంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండలో నిలబడ్డ ఇనప్పెట్టె లోపల బయటికంటే ఎంత వేడి ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు, ఎండలో ఆపిన కారెక్కితే తెలుస్తుంది. రొయ్యల మేతలో చేప నూనె ఉంటుంది, వేడికి కనరు వాసన కొడుతుంది, విటమిన్లు పోతాయి. అది పగటి సంగతి. రాత్రి చెరువు మీద గాలి చల్లబడి రేకు చల్లబడితే లోపలి తేమంతా కప్పుకి చెమటలా పట్టి తెల్లారేసరికి బస్తాల మీద బొట్లు బొట్లుగా రాలుతుంది. ఓడల వాళ్లకి ఇది బాగా తెలిసిన బాధే, దీన్ని కంటైనర్ వాన అంటారు. మన గాల్లో తేమ ఎంతో నీకు తెలుసు. వారం తిరక్కుండా బస్తా అడుగున బూజు. బూజు పట్టిన మేత వేస్తే రొయ్య లివర్ పోతుంది, ఆ తర్వాత నువ్వు సీడు, అదే రొయ్య పిల్ల, బాలేదని హేచరీని తిడతావు.

శ్రీనివాసు: గాలి రంధ్రాలు ఉంటాయి కదా దానికి?

రాంబాబు: ఉంటాయి, పైన మూలల్లో, అరచెయ్యంత. లోపలి గాలి మారడానికి చాలవు. కప్పు మీద తిరిగే టర్బైన్ వెంటిలేటర్ రెండు పెట్టాలి, కింద జాలీ కొయ్యాలి, తెల్ల రంగు వెయ్యాలి, అన్నిటికంటే ముఖ్యం పైన ఒక అడుగు ఎడంగా రేకో తాటాకో ఇంకో కప్పు కట్టాలి, ఎండ ఇనుము మీద నేరుగా పడకూడదు. బస్తాలు చెక్క ప్యాలెట్ల మీద, గోడకి జానెడు దూరంగా.

శ్రీనివాసు: చూశావా, తాటాకు మళ్లీ వచ్చింది! పనికిరాదన్న వాడివే దాన్ని ఎలా వాడాలో చెప్తున్నావు. అంటే పనికొస్తుందన్నమాట.

రాంబాబు: ఖర్చు పెడితే పనికొస్తుంది. ఆ విశాఖ వాడు చెప్పిన ధర పెట్టె ధర మాత్రమే అంటున్నా. లారీ 250 కిలోమీటర్ల పైనే రావాలి, రెండు చోట్లా ఎత్తి దింపడానికి హైడ్రా క్రేను, తర్వాత ఇదంతా.

శ్రీనివాసు: నీ షెడ్డులో కట్టే కేబిన్ మాత్రం ఊరికే వస్తుందా?

రాంబాబు: రాదు. కానీ పదడుగుల వెడల్పు కావాలంటే పదడుగులు కడతాను, గోడలో వేడి ఆపే పఫ్ ప్యానెల్ పెట్టే కడతాను. నీ పెట్టె బయటికి ఎనిమిది అడుగులు, లోపల ఏడడుగుల ఎనిమిది అంగుళాలు, దానికి వేడి ఆగే లైనింగ్ వేస్తే ఏడు. మంచం అడ్డంగా వేస్తే దారి ఉండదు, నిలువుగా వేస్తే రైలు బోగీ. అసలు హైదరాబాద్ చుట్టుపక్కల రోడ్డు పక్కన కంటైనర్ ఇల్లు అని బోర్డు పెట్టి అమ్ముతున్నవి చాలావరకు ఓడ పెట్టెలే కావు, మా బోటి షెడ్లలో యాంగులర్లు, రేకుతో కొత్తగా కట్టినవి. జనం ఆ ఫొటోలు చూసి ఓడ పెట్టె కొంటారు.

శ్రీనివాసు: బాగుంది, ఇప్పుడు నేను మాట్లాడతా. ఈ భూమి ఎవరిది? నాది కాదు. ఇంకా మూడేళ్లు లీజుంది, ఆ తర్వాత ఆసామి పొడిగిస్తాడో, పక్క ఊరి వాడు ఎకరాకి ఎక్కువిస్తానంటే వాడికిస్తాడో దేవుడికి తెలియాలి. ఇటుక గోడ కడితే అది ఆసామికి కట్నం. పెట్టె అయితే హైడ్రా పిలిచి ఎత్తుకుపోతా. ములుగు జిల్లాలో అడవిలో, కన్నాయిగూడెం మండలం బంగారుపల్లిలో కంటైనర్ బడి పెట్టారు 2024లో, తాడ్వాయి మండలం పోచాపూర్‌లో ఆసుపత్రి పెట్టారు. పిల్లలు చదువుకుంటున్నారు, సూదిమందులు వేస్తున్నారు, నా మోటార్లకి చాలదా?

రాంబాబు: అక్కడ ఎందుకు పెట్టారో కూడా చెప్పు. రిజర్వు ఫారెస్టు, పక్కా కట్టడానికి అటవీ శాఖ ఒప్పుకోదు. వేరే దారి లేక పెట్టారు.

శ్రీనివాసు: నాకు మాత్రం వేరే దారి ఉందా? పునాది వెయ్యలేని నేల వాళ్లది, పునాది వేసినా నాది కాని నేల ఇది. రెండూ ఒకటే కదరా.

రాంబాబు: ... అది కొట్టిపారెయ్యలేను. పైగా మా కేబిన్ నాలుగుసార్లు ఎత్తి దింపితే ఎక్కడో ఒక వెల్డు వదులుతుంది, ఓడ పెట్టె ఎత్తడానికే పుట్టింది. సరుకుకి సరే. మనిషికి మాత్రం నేను ఒప్పుకోను బావా.

శ్రీనివాసు: ఎందుకు, వేడనా? ఫ్యాను పెడతా.

రాంబాబు: వేడి కాదు. ఆ తలుపుల గడియలు బయటే ఉంటాయి, ఆ పొడుగు కమ్మీలూ పిడులూ అన్నీ. లోపల పడుకున్న కుర్రాడున్నాడని చూసుకోకుండా ఎవడైనా బయట నుంచి లాగి తాళం వేస్తే వాడు అరిచినా ఏరేటర్ల మోతలో నీకు వినపడదు. మనిషి ఉండాలంటే లోపలి నుంచి తెరిచే తలుపు విడిగా కొయ్యాల్సిందే, మోటార్లకీ వాడికీ మధ్య అడ్డు గోడ ఉండాల్సిందే. రెండోది ఫ్లోరు. 28 మిల్లీమీటర్ల ప్లైవుడ్, పురుగు పట్టకుండా మందు పట్టించినది, మన చేతికొచ్చేసరికి ఏ సరుకు ఒలికిందో, ఏ పొగ మందు కొట్టారో చెప్పేవాడు ఉండడు. తలుపు మీద ఇనప ప్లేటు ఉంటుంది, తయారైన ఏడాదీ చెక్కకి ఏ మందు వాడారన్నదీ దాని మీదే చూసుకోవాలి. కుర్రాడు చాప వేసుకుని దాని మీద పడుకుంటాడు నువ్వేం చెప్పినా. మూడోది కరెంటు. చెరువుల మీద షాకు కొట్టి మనుషులు పోవడం మనకి కొత్త కాదు. గోడ, కప్పు, తలుపు అన్నీ ఇనుమే, ఒక్క వైరు తోలు ఊడి రేకుకి తగిలితే పెట్టె మొత్తం కరెంటే. విడిగా ఎర్తింగ్ కడ్డీ పాతి, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్చి పెట్టించకుండా బల్బు కూడా వేలాడదీయకు.

శ్రీనివాసు: తలుపు సంగతి... నేను ఆలోచించలేదు. కుర్రాడికి పక్కన రేకుల గది వేద్దాం. ఇప్పుడన్నా సరేనా?

రాంబాబు: ఇప్పుడు కొనే సంగతి మాట్లాడదాం. నువ్వు చూసొచ్చానన్నావు, లోపలికెళ్లి తలుపులు మూయించుకున్నావా?

శ్రీనివాసు: ఎందుకు మూయించుకోవడం?

రాంబాబు: చీకట్లో నిలబడితే సూది మొనంత చిల్లు ఉన్నా నక్షత్రంలా కనపడుతుంది. కప్పు మీద పడ్డ సొట్టలో నీళ్లు నిలిచి అక్కడే తుప్పు తింటుంది. కింద దూరి అడ్డ కమ్మీలు సుత్తితో కొట్టి చూడాలి, ఖణేల్మంటే ఇనుము, మొద్దుగా పలికితే రంగు కింద తుప్పు. కొత్తగా రంగేసి మెరుస్తున్న పెట్టెని అసలు నమ్మకు, వాడిన వాడు రంగెందుకు వేస్తాడు, అమ్మేవాడు వేస్తాడు.

శ్రీనివాసు: వాతావరణానికి తట్టుకునే ఉక్కట కదా, కోర్టెన్ స్టీల్?

రాంబాబు: దాని కిటుకు ఏంటంటే పైన ఒక పొర తుప్పు పట్టి, ఆ పొరే లోపలి ఇనుముకి కాపలా కాస్తుంది. ఉప్పు గాలి ఎప్పుడూ తగులుతూనే ఉంటే ఆ పొర కుదురుకోదు, తింటూనే ఉంటుంది. మన చెరువుల్లో నీళ్లు ఉప్పు, ఏరేటర్లు రేయింబవళ్లు ఆ తుంపర్లు చిమ్ముతూనే ఉంటాయి. ఏటా కింది అంచులు గీకి రంగు వెయ్యకపోతే నువ్వు లీజు అయ్యాక ఎత్తుదామనుకున్నప్పుడు పైభాగం లేస్తుంది, అడుగు గట్టు మీదే ఉంటుంది.

శ్రీనివాసు: (నవ్వి) అంత లేదులే.

రాంబాబు: అంత లేదు, కాస్త ఎక్కువ చెప్పా. కాగితాలు మాత్రం ఎక్కువ చెప్పట్లేదు. బయటి దేశం పెట్టెలు సుంకం కట్టకుండా మన రేవుల్లోకి వస్తాయి, గడువులోగా మళ్లీ బయటికి పంపాలన్న షరతు మీద. ఇక్కడే అమ్మాలంటే కస్టమ్స్ డ్యూటీ కట్టినట్టు కాగితం ఉండాలి. పెట్టె మీద నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి, ఆ నంబరు బిల్లు మీద, డ్యూటీ కాగితం మీద అదే ఉందా అని చూడు. బిల్లు లేకుండా తక్కువకిస్తానంటే వెనక్కి వచ్చెయ్.

శ్రీనివాసు: బిల్లు ఇస్తానన్నాడు. ఇంకేమైనా మిగిలిందా?

రాంబాబు: గాలి. ఖాళీ పెట్టె బరువు రెండు టన్నుల రెండు వందల కిలోలు, పక్క గోడ 170 చదరపు అడుగులు. హుద్‌హుద్ అప్పుడు విశాఖలో వీచినట్టు 180 కిలోమీటర్ల గాలి అడ్డంగా కొడితే ఆ గోడ మీద పడే తోపుడు మూడు టన్నుల దగ్గర పడుతుంది, నేను కాగితం మీద వేసి చూశా. మేత నిండా ఉంటే కదలదు. రొయ్యల పట్టుబడి అయిపోయి ఖాళీగా ఉన్నప్పుడు తుఫాను వస్తే చెరువులో పడొచ్చు. మన తుఫాన్లు ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లోనే కదా. అడుగు మూలల్లో చిల్లులుంటాయి, వాటిలోంచి కాంక్రీటు దిమ్మలకి కట్టెయ్యాలి. ఆ దిమ్మలు కూడా సరిసమానంగా ఉండాలి, గట్టు మట్టి వానకి ఒక మూల రెండంగుళాలు దిగిందంటే పెట్టె మెలితిరిగి తలుపు పట్టేస్తుంది.

శ్రీనివాసు: నాలుగు దిమ్మలు, గొలుసులు. రాసుకున్నా. వానలు పడకముందే తెప్పించాలి, తడి గట్టు మీదకి హైడ్రా వాడు రాడు.

రాంబాబు: గట్టు వెడల్పు ఎంత?

శ్రీనివాసు: పదకొండు, పన్నెండు ఉంటుంది.

రాంబాబు: పెట్టె ఎనిమిది. మిగిలిన మూడు నాలుగడుగుల్లోంచి మేత ట్రాక్టరు పోతుందా?

శ్రీనివాసు: ...

రాంబాబు: రోడ్డు కలిసే మూలన కాస్త వెడల్పుంది చూడు, కొబ్బరి చెట్టు పక్కన. అక్కడ పడుతుందేమో. అవునూ, అక్కకి చెప్పావా ఇది?

శ్రీనివాసు: పెట్టె కొంటున్నానని చెప్పా. ఎంత పెట్టో చెప్పలేదు. ట్రంకు పెట్టె అనుకుంటోంది. నువ్వు ఆ టేపు చివర పట్టుకో ముందు, చెట్టు దగ్గర కొలుద్దాం.